చూరు కింద మట్టి

అమెరికాలో ఇల్లు కొనుక్కోవడమంటే ఏవిటో నాకు మొదటి నవంబర్‌లో తెలిసొచ్చింది. చుట్టూ ఓక్ చెట్లు. అవి రాల్చే ఆకులన్నీ తిన్నగా వచ్చి మా చూరు గట్టర్లలో పడతాయి. నిచ్చెన వేసుకుని, చేతికి తొడుగులు వేసుకుని, ఆ కుళ్ళిన ఆకుల్ని గుప్పెళ్ళతో లాగి కింద పారెయ్యాలి. మనిషిని పిలిస్తే వాడడిగే డబ్బుతో గుంటూరులో ఒక గది కట్టించుకోవచ్చనిపిస్తుంది. అంచేత ఏటా ఆ పని నాదే.

ఈ ఏడు వానలు తక్కువ. ఎండ తగిలే వైపు గట్టర్ అడుగున మట్టి పలకలు కట్టేసి, దాని మీద నాచు ఎండి బూడిదరంగులో ఉంది. వేళ్ళ మధ్య నలిపితే పొడి పొడి. పారెయ్యబోతూ ఆగాను. దానికి కారణం లీవెన్‌హుక్ గారు.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. కిందటి పుట్టినరోజుకి చవకలో వచ్చే మైక్రోస్కోపు ఒకటి కొనిచ్చాను. ఉల్లిపొర, ఉప్పు, చీమ కాలు, చివరికి మా ఆవిడ తల వెంట్రుక కూడా చూసేశాక అది అటకెక్కింది. ఆ సమయంలోనే నేను సూక్ష్మజీవుల చరిత్ర ఒకటి చదువుతున్నాను. అందులో డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల కొట్టు పెట్టుకున్న ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ (1632-1723) అనే ఆయన కథ ఉంది. లాటిన్ రాదు, డచ్చి భాష తప్ప ఇంకోటి రాదు, కాలేజీ మొహం చూడలేదు. అయినా తనే అద్దాలు అరగదీసుకుని, ఒంటి కటకంతో మైక్రోస్కోపులు చేసుకుని, చెరువు నీళ్ళలో, పంటి పాచిలో, మిరియాల నీళ్ళలో ఎవరూ చూడని లోకాన్ని చూశాడు. లండన్‌లోని రాయల్ సొసైటీకి ఆయన రాసిన ఉత్తరాలని మొదట పెద్దలు నమ్మలేదు. 1677 నవంబర్‌లో రాబర్ట్ హుక్ వాళ్ళందరి ముందూ చూపించాకే నమ్మారు. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే.

తెలియనిది ఆయన డెబ్భై ఏళ్ళకి దగ్గరపడ్డాక చేసిన పని. తన ఇంటి ముందు సీసపు గట్టర్‌లో నిలిచిన వాన నీళ్ళు చూశాడు. తలమీద రెండు చక్రాలు గిరగిరా తిరుగుతున్నట్టు కనిపించే చిన్న జీవులున్నాయి అందులో. మనం ఇప్పుడు రోటిఫర్లంటాం. నిజానికి అవి చక్రాలు కావు. నోటి చుట్టూ ఉన్న సన్నటి కేశాలు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటే చక్రం తిరుగుతున్నట్టు భ్రమ కలుగుతుంది, పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లు పరిగెడుతున్నట్టు. సరే, ఆ గట్టర్ ఎండిపోయింది. నీళ్ళున్నచోట పొడి మట్టి మిగిలింది. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఈయన ఆ పొడిని గాజు గొట్టంలో వేసి, కాచి చల్లార్చిన వాన నీళ్ళు పోశాడు. నీళ్ళు కాచడం ఎందుకంటే, జీవులు నీళ్ళలోంచి వచ్చాయేమోనన్న అనుమానానికి తావు లేకుండా. గంట తిరక్కుండా అవి ముడి విప్పుకుని ఈదడం మొదలుపెట్టాయి. నెలల తరబడి ఎండబెట్టిన పొడిలోనూ ఇదే జరిగింది. 1702 ఫిబ్రవరి 9 తేదీ వేసిన ఉత్తరంలో ఈ సంగతి రాశాడు.

ఇది చదివాక, గట్టర్లో ఉన్న మట్టిని ఎలా పారేస్తామండీ?

ఒక చిన్న జాడీలో చెంచాడు పొడి తెచ్చాను. చిన్న గాజు పళ్ళెంలో వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి (మా ఆవిడ ఆ గిన్నె మళ్ళీ వంటకి పనికిరాదని తేల్చేసింది), అమ్మాయిని కూర్చోబెట్టాను. పావుగంట దాకా ఇసకా, ఆకు ముక్కలూ తప్ప ఏమీ లేదు. పిల్ల టీవీ వైపు చూడటం మొదలెట్టింది. నలభై నిమిషాలకి కాబోలు, "నాన్నా, ఇది కదులుతోంది!" అని కేక. చిన్న గుడ్డులా ఉన్నది ఒకటి నెమ్మదిగా సాగింది. ఒక చివర పాదం లాంటిది బయటికొచ్చి ఇసక రేణువుని పట్టుకుంది. ఇంకో చివర తల. ఇంకో ఐదు నిమిషాలకి చక్రాలు తిరగడం మొదలైంది.

పిల్ల చాలాసేపు చూసి, కన్ను తియ్యకుండానే అడిగింది: "నాన్నా, ఇందాక ఇది చచ్చిపోయిందా?"

"లేదమ్మా, ఎండిపోయింది."

"ఎండిపోతే చచ్చిపోయినట్టు కాదా? మరి తాతయ్య?"

కిందటి మార్చిలో మా నాన్నగారు పోయారు. నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను. పిల్లకి బడి, టిక్కెట్లు దొరకలేదు, ఇలాంటివే ఏవో కారణాలు. దాంతో దానికి తాతయ్య పోవడం అంటే ఒక ఫోన్ కాల్, వాళ్ళ నాన్న పన్నెండు రోజులు ఇంట్లో లేకపోవడం, అంతే. నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడానికి నా చేతకానితనం కొంత కారణమైతే, ఆ ప్రశ్న మీద పెద్ద పెద్దవాళ్ళు సుమారు 250 ఏళ్ళు కొట్టుకున్నారన్నది ఇంకో కారణం. అది తర్వాత చదివి తెలుసుకున్నాను.

లీవెన్‌హుక్ మటుకు వీటిని "చచ్చి బ్రతికాయి" అనలేదు. ఈ జీవుల చర్మం గట్టిగా బిగుసుకుపోయి లోపలి తడిని ఆవిరి కానివ్వదని, అంచేత అవి లోపల బ్రతికే ఉన్నాయని ఆయన ఊహ. దాంతోపాటు ఇంకో మంచి మాట కూడా చెప్పాడు. ఎండిన గుంటలో వాన పడగానే జీవులెక్కణ్ణుంచి వస్తాయో ఇప్పుడు తెలిసింది, ఆ దుమ్ములోంచే, గాలి మోసుకొచ్చిన మట్టిలోంచే అని. మా ఊరి చెరువు మే నెలలో బీటలు వారి, జూన్‌లో రెండు వానలు పడగానే పురుగూ పుట్రా ప్రత్యక్షమయ్యేది. ఎక్కణ్ణుంచి వచ్చాయని మేమెవరం అడిగిన పాపాన పోలేదు.

1743లో ఇంగ్లండులో జాన్ నీధామ్ అనే ఆయన తెగులు పట్టి నల్లగా ముడుచుకుపోయిన గోధుమ గింజని కోసి చూశాడు. లోపల తెల్లటి పీచు. దాని మీద నీటి చుక్క వెయ్యగానే పీచంతా పాముల్లా మెలికలు తిరిగింది. నులిపురుగులవి. ఆయన హెన్రీ బేకర్‌కి ఇచ్చిన గింజల్లోని పురుగులు 27 ఏళ్ళ తర్వాత, 1771లో, నీళ్ళు తగలగానే లేచాయి. ఆ కాలంలో మనిషి సగటున ఎన్నేళ్ళు బ్రతికేవాడో గుర్తు తెచ్చుకుంటే ఆ 27కి విలువ తెలుస్తుంది.

తర్వాత రంగంలోకి దిగినవాడు నాకు ఈ కథలో అందరికంటే నచ్చిన మనిషి, లజారో స్పల్లాంజానీ. ఇటలీలో పావియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, పైగా చర్చి ఫాదరీ. పులుసు కాచి మూత పెడితే అందులో పురుగులు వాటంతటవి పుట్టవని నీధామ్‌తో తగువేసుకున్నది ఈయనే. 1776లో అచ్చయిన పుస్తకంలో రోటిఫర్ల మీద తన ప్రయోగాలు రాశాడు. అదే జీవిని ఎండబెట్టి, తడిపి, మళ్ళీ ఎండబెట్టి, ఇలా పదకొండు సార్లు లేపాడు. ప్రతిసారీ లేచేవాటి సంఖ్య తగ్గింది. ఇంకో చిత్రం: ఇసకలో ఎండినవి లేస్తాయి, వట్టి గాజు మీద ఎండినవి లేవవు. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు కానీ దాచకుండా రాసి పెట్టాడు. మనం ప్రొడక్షన్‌లో అర్థం కాని బగ్ కనిపిస్తే లాగ్‌లో రాసి ముందుకెళ్ళినట్టు. దానికి జవాబు దొరకడానికి ఇంకో రెండొందల ఏళ్ళు పట్టింది.

అదే గట్టర్ ఇసకలో ఆయనకి ఇంకో జీవి కనిపించింది. ఎనిమిది కాళ్ళు, బొద్దుగా, నిద్రమత్తులో నడిచే ఎలుగుబంటిలా. అంతకు మూడేళ్ళ ముందు జర్మనీలో గోట్జ్ అనే పాస్టరు దీన్నే చూసి "చిన్న నీటి ఎలుగుబంటి" అన్నాడు. స్పల్లాంజానీ దాని నడక చూసి మందంగా నడిచేది అనే అర్థంలో "టార్డిగ్రేడ్" అన్నాడు. ఆ పేరే నిలిచింది. (ఇద్దరూ చర్చి మనుషులే, గమనించారా? ఆదివారం ప్రసంగం తప్పితే తీరిక ఉండేదేమో.)

ఫాదరీ గారికి చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఈ జీవి ఎండినప్పుడు చచ్చిందనే ఆయన నమ్మకం. చచ్చి, లేస్తోంది. ఒకసారి కాదు, పదకొండు సార్లు. మరి ఆ మధ్యలో ప్రాణం ఎక్కడికి పోతున్నట్టు? ఈ సంగతి ఆయన వోల్టేర్‌కే ఉత్తరం రాసి అడిగాడు. దేవుడి మీదా చర్చి మీదా హాస్యాలాడే వోల్టేర్‌ని, ఆత్మ ఎటు పోతుందని ఒక ఫాదరీ అడగడం! మా పిల్ల ప్రశ్న అంత తేలికైనదేం కాదని అది చదివాక కొంచెం ఊరట కలిగింది.

పందొమ్మిదో శతాబ్దంలో దీని మీద రెండు పార్టీలు తయారయ్యాయి. బెర్లిన్‌లో ఎరెన్‌బెర్గ్ లాంటివాళ్ళు "చావూ లేదు, లేవడమూ లేదు, ఇసకలో మిగిలిన కాస్త తడితో నెమ్మదిగా బ్రతుకుతున్నాయి" అన్నారు. ఫ్రాన్సులో దొయేర్ 1842లో టార్డిగ్రేడ్లని బాగా ఎండబెట్టి, నీళ్ళు మరిగే వేడిని మించి కాచి కూడా లేపానన్నాడు. తడిగా ఉన్నప్పుడు అందులో సగం వేడికే చచ్చే ప్రాణి అది. అంత వేడికి తట్టుకుందంటే లోపల తడి నిజంగానే లేదన్నమాట. దీన్ని ఒప్పుకోనివాడు రువాన్ ఊరి పూషే. ఈ పూషే ఎవరో కాదు, జీవం తనంతట తనే పుడుతుందని పాశ్చర్‌తో పోరాడిన పెద్దమనిషి. దుమ్ములో ఎండిన జీవులు మరిగే వేడికి కూడా చావవని తేలితే ఆయన వాదానికి పునాదే కదిలిపోతుంది. కాచిన సీసాలో పుట్టినవి వాటంతటవి పుట్టాయో, దుమ్ములో దాక్కుని బ్రతికి బట్టకట్టాయో ఎలా చెప్తారు మరి?

తగువు తీర్చడానికి పారిస్‌లో బయాలజీ సొసైటీ వాళ్ళు ఒక కమిటీ వేశారు. దానికి పెద్ద పాల్ బ్రోకా. ఆ తర్వాత మెదడులో మాటకి సంబంధించిన చోటు కనిపెట్టాడే, ఆ బ్రోకాయే. కమిటీ అంటే మనకి టీలు తాగి వాయిదా వేసుకోవడం గుర్తొస్తుంది కదా. వీళ్ళు అలా చెయ్యలేదు. గట్టర్ నాచులోని జీవుల్ని తడి లేని శూన్యంలో 82 రోజులు ఉంచారు. ఆ తర్వాత 100 డిగ్రీల వేడిలో అరగంట ఉంచారు. చల్లార్చి నీళ్ళు పోశారు. కొన్ని లేచాయి. 1860లో పెద్ద నివేదిక ఇచ్చారు.

ఇక్కడ నా వృత్తి భాషలో చెప్తాను, క్షమించండి. మన లాప్‌టాప్ మూత వేస్తే స్లీప్‌లోకి వెళ్తుంది. తెర నల్లబడుతుంది కానీ లోపల మెమరీకి సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే, సేవ్ చెయ్యని పని గోవిందా. హైబర్నేట్ అలా కాదు. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసేసుకుని పూర్తిగా ఆరిపోతుంది. బ్యాటరీ పీకేసి ఆరు నెలల తర్వాత పెట్టినా ఎక్కడ ఆపామో అక్కడే తెరుచుకుంటుంది. లీవెన్‌హుక్, ఎరెన్‌బెర్గ్ చెప్పినది స్లీప్. బ్రోకా ప్రయోగం చూపించేది హైబర్నేట్. ప్రాణం సన్నగా నడవడం కాదు, ఆగిపోవడం.

కానీ "ఆగిపోయింది" అని ఖాయంగా చెప్పడానికి 100 డిగ్రీలు చాల్లేదు. ఎంత నెమ్మదిగా నడుస్తోందో కొలవలేకపోతున్నామంతే అని ఎవరైనా అనొచ్చు కదా. అందుకని 1920లలో గిల్బర్ట్ రామ్ అనే సన్యాసి (మళ్ళీ చర్చి మనిషే!) ఎండిన టార్డిగ్రేడ్లని ద్రవ హీలియం చలిలో, అంటే సుమారు మైనస్ 270 డిగ్రీల దగ్గర ఉంచి లేపాడు. ఆ చలిలో ఏ రసాయన చర్యా జరిగే వీలు లేదు. నెమ్మదిగా కూడా జరగదు.

ఈ మొత్తం కథని పోగుచేసి ఒక దారికి తెచ్చినవాడు కేంబ్రిడ్జిలో ఉండిన డేవిడ్ కీలిన్. కణాలు ఊపిరి పీల్చే విధానంలో సైటోక్రోమ్ పాత్రని వెలికితీసిన మనిషి, అంటే ప్రాణం "నడవడం" అంటే ఏవిటో బాగా తెలిసినవాడు. రాయల్ సొసైటీ లీవెన్‌హుక్ పేరు మీద ఒక ఉపన్యాసం పెడుతుంది. ఆ వేదిక మీద కీలిన్ గట్టర్ మట్టి దగ్గర్నుంచి తన రోజుల దాకా చరిత్రంతా చెప్పి, ఈ స్థితికి "క్రిప్టోబయోసిస్" అని పేరు పెట్టాడు. గుప్తజీవం అనుకుందాం. అది 1959లో అచ్చయింది. ఆయన చెప్పినదాని సారం ఏవిటంటే, ఇలాంటి జీవిలో ప్రాణపు పనులన్నీ ఆగిపోవచ్చు. చెక్కు చెదరకుండా నిలవాల్సింది నిర్మాణం. అది నిలిచినంత కాలం దాన్ని చచ్చిందనడానికి లేదు.

ఆ నిర్మాణం ఎలా నిలుస్తుందన్నది తర్వాతివాళ్ళ పని. కాలిఫోర్నియాలో జాన్ క్రో వాళ్ళు ఎండిపోతున్న నులిపురుగులు ట్రెహలోస్ అనే చక్కెరని పోగేసుకోవడం చూశారు. పాకం పట్టేవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. లేతపాకం కారుతుంది, ముదురుపాకం చల్లారితే గాజులా బిగుసుకుంటుంది. వేరుశనగ గింజలు పాకంలో ఎక్కడివక్కడ ఇరుక్కున్నట్టు, కణంలోని ప్రొటీన్లూ పొరలూ ఆ చక్కెర గాజులో ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మీ ఫ్రిజ్‌లో ఉన్న పొడి ఈస్టు కూడా కొంతవరకూ ఇదే చేస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. నా పళ్ళెంలోని రోటిఫర్ల జాతిలో ట్రెహలోస్ లేదని 2003లో తేలింది. టార్డిగ్రేడ్లలోనూ చాలావాటిలో అది అంతంతమాత్రమే. 2017లో తేలిందేవిటంటే టార్డిగ్రేడ్లు చక్కెర బదులు స్థిరమైన ఆకారం లేని ఒక రకం ప్రొటీన్లతో ఆ గాజు తయారుచేసుకుంటాయి. పాకానికి బెల్లమే ఉండాలని లేదన్నమాట.

స్పల్లాంజానీ ఇసక ముడి కూడా ఇక్కడే విడిపోయింది. ఈ సరంజామా సిద్ధం చేసుకోవడానికి, కాళ్ళు లోపలికి లాక్కుని పీపాలా ముడుచుకోవడానికి వ్యవధి కావాలి. ఇసకలో తడి నెమ్మదిగా ఆరుతుంది. గాజు మీద గబుక్కున ఆరిపోతుంది. సేవ్ అవుతుండగా ప్లగ్గు పీకేసినట్టు.

ఇప్పటి సంగతులు టూకీగా. 2007లో ఎండిన టార్డిగ్రేడ్లని రాకెట్‌లో పంపి అంతరిక్ష శూన్యంలో పది రోజులు ఉంచితే తిరిగొచ్చి గుడ్లు పెట్టాయి. 1983లో అంటార్కిటికాలో ఏరి ఫ్రీజర్‌లో పెట్టిన నాచులోంచి జపాన్ వాళ్ళు 2014లో టార్డిగ్రేడ్లని లేపారు. 2021లో సైబీరియా మంచుమట్టిలోంచి 24,000 ఏళ్ళ నాటి రోటిఫర్ లేచి పిల్లల్ని కన్నది. (వీటిలో మగవి లేవు, ఆడవి తమంతట తామే సంతానాన్ని కంటాయి.) మ్యూజియంలో 120 ఏళ్ళున్న నాచులోంచి టార్డిగ్రేడ్ లేచిందని చాలాచోట్ల చదువుతారు. అది మాత్రం నమ్మకండి. 1948లో ఒక ఇటలీ శాస్త్రవేత్త చూసింది ఒక కాలు కాస్త అదరడం, అంతే. ఎవరో కాలుని మనిషిని చేసేశారు.

ఇవన్నీ చదివిన వారానికి పిల్లని మళ్ళీ కూర్చోబెట్టాను. లాప్‌టాప్ సంగతీ, పాకం సంగతీ చెప్పాను. ఎండినప్పుడు అది పని చెయ్యట్లేదు, కానీ లోపల ఏదీ చెదరలేదు, అందుకే నీళ్ళు పోస్తే లేచిందని చెప్పాను. తాతయ్యకి లోపల చెదిరిపోయిందమ్మా, మనలాంటివాళ్ళకి ఆ గాజు కట్టుకునే విద్య లేదు, ఊపిరి ఆగిన కాసేపటికే చెదరడం మొదలవుతుంది అని కూడా చెప్పాను. అది ఏడవలేదు. కాసేపు ఆలోచించి, మొదటిరోజు తను ముడి విప్పుకున్నవీ విప్పుకోనివీ లెక్కపెట్టానంది. పళ్ళెంలో పదకొండు కనిపించాయట, ఏడు లేచాయి, నాలుగు సాయంత్రం దాకా చూసినా లేవలేదు. "వాటికి కూడా లోపల చెదిరిపోయిందా?"

అవునన్నాను.

ఆ పళ్ళేన్ని అది కడగనివ్వలేదు. ఇంకాస్త గట్టర్ ఇసక పోయించి, నీళ్ళు నెమ్మదిగా ఆరేలా పైన కాగితం కప్పి, కిటికీ దగ్గర పెట్టింది. ఇప్పుడది పూర్తిగా ఎండింది. మూత మీద టేపు అంటించి ఎండిన తేదీ రాసింది. దాని కింద తడిపే తేదీకి ఇంకో గీత గీసి, అది ఖాళీగా ఉంచింది. ఎప్పుడు తడుపుతావంటే ఇంకా అనుకోలేదంటోంది.